ఎడమచేతి దడి

మిసెస్ క్రిడ్‌లాండ్ ఫోన్ చేసి అంది:
"దడి వాలిపోయింది, వచ్చి పీకేసి పో.
పుల్లలు పొయ్యిలోకి పనికొస్తాయి."

మార్చి నెల. సోమర్‌సెట్ పల్లపు పొలాల్లో
వరద తీసి పది రోజులే అయింది.
ప్యారెట్ నది తన గట్ల మధ్యకి తాను వెళ్ళిపోయింది,
పోతూ పోతూ ప్రతి గేటు మీదా
ఒక మట్టిరంగు గీత గీసి.

వ్యాన్ దిగుతూనే పోల్చుకున్నాను ఎవరి పనో.
చువ్వల కొనలన్నీ ఎడమకి తిరిగి ఉన్నాయి.
ఈ చుట్టుపక్కల అలా అల్లిన చెయ్యి ఒకటే,
హెప్సీ యాండిల్‌ది.
ఆమె పోయి నాలుగేళ్ళు.

పదహారేళ్ళప్పుడు ఆమె దగ్గర పనికి చేరితే
నేర్పింది అల్లడం కాదు, ఏరడం.
కోసిన విల్లో మోపుని పీపాలో నిలబెట్టి
పొడుగువి ముందు లాగాలి,
ఆరడుగులవి, ఐదడుగులవి, ఆ తర్వాత పొట్టివి.
చలికాలమంతా అదే.
వేళ్ళు పగిలి, విసుగెత్తి అడిగాను:
"అల్లేదెప్పుడు?"
"కళ్ళు మూసుకుని కొలత చెప్పగలిగినప్పుడు" అంది,
టీ చల్లారకుండా కప్పు మీద సాసర్ బోర్లిస్తూ.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
అన్నవాళ్ళు విల్లోని నానబెట్టి చూసినట్టు లేదు.
ఆకు రాలాక కోసి, ఎండబెట్టి, ఏడాది మరిచిపోయినా సరే,
అడుగుకొక రోజు చొప్పున కుంటలో ముంచి
తడిగోనె కింద ఒక రాత్రి పడుకోబెడితే
తెల్లారేసరికి మణికట్టు చుట్టూ గాజులా తిరుగుతుంది.
గుంజలకి మాత్రం హేజెల్ కర్రే.
పచ్చి విల్లో పాతితే చిగురేస్తుంది,
నువ్వు దడి అడిగితే అది తోపు ఇస్తుంది.

పదేళ్ళు నిలుస్తుందని ఆనాడు హెప్సీ చెప్పింది.
పద్నాలుగేళ్ళు నిలిచింది.
పక్కింటి పలకల ప్రహరీ ఈలోగా రెండుసార్లు
తుఫానుకి ఎదురు నిలబడి
రెండుసార్లూ క్యాబేజీల మీద పడుకుంది.
ఇది గాలిని అడ్డుకోలేదు,
జల్లెడ పట్టి పంపింది.

మొదటి గుంజ పీకి చూశాను.
పైన కొమ్ములా గట్టి.
మట్టిలోని మొన గోటితో గీరితే
ఇంకా కొత్త కర్ర వాసన.
చచ్చిందల్లా నేలా గాలీ కలిసే చోట,
నాలుగు వేళ్ళ మేర.
ఇక్కడే, పీటు నేల తవ్వినవాళ్ళకి
వేల ఏళ్ళనాటి తడికలు దొరికాయి,
బురద మీద నడవడానికి ఎవరో పరిచినవి,
చువ్వ చువ్వా లెక్కపెట్టగలిగేలా.
పూర్తిగా మునిగినా కర్ర బతుకుతుంది,
పూర్తిగా ఆరినా.
తడీ పొడీ వంతులేసుకుంటేనే కష్టం.

గేటు నుంచి మూడో భాగంలో చెయ్యి ఆగింది.
రెండు జానల మేర కొనలు కుడికి తిరిగి ఉన్నాయి.
వదులు అల్లిక, దారి తప్పిన వరసలు.
నాది.
హెప్సీ మంచినీళ్ళకని లోపలికెళ్ళినప్పుడు
అడక్కుండా అల్లింది.
తిరిగొచ్చి చూసింది, ఏమీ అనలేదు,
ఆ సాయంత్రమే విప్పేసి ఉంటుందనుకున్నాను.

వెనక్కి వెళ్ళి చూశాను.
నా రెండు జానల వెనక,
బాట మీదికి కనబడకుండా,
లావు చువ్వ ఒకటి ఏటవాలుగా దూర్చి ఉంది.
కొన ఎడమకి.

పీకలేదు.
కుళ్ళిన నాలుగు వేళ్ళూ రంపంతో కోసేసి
పక్కన కొత్త గుంజలు దిగ్గొట్టాను.
ఊడిన చోట పూరించడానికి
మూడు చువ్వలు ఎడమచేత్తో అల్లాను.
ఒక పూట పట్టింది. వంకరగా వచ్చింది.

డబ్బులు లెక్కపెట్టి ఇస్తూ మిసెస్ క్రిడ్‌లాండ్
కళ్ళజోడు సర్దుకుని చూసింది.
"ఈ ముక్క ఎవరో పని నేర్చుకునేవాళ్ళు అల్లినట్టుందే?"

అవునన్నాను.