కుర్చీకి తగిలించిన కోటు

నా కుట్టుకొట్టు నేలమాళిగలో ఉంది.
కిటికీ పేవ్‌మెంటుకి మోకాలెత్తు.
పైన వూచ్ నగరం నడిచిపోతుంటుంది,
నాకు కనిపించేది కాళ్ళే.
ఇరవై ఏళ్ళుగా మనుషుల్ని
మడమల దగ్గర్నుంచి చదువుతున్నాను.
మడమ బయటివైపు అరిగితే తొందర మనిషి,
అసలు అరక్కపోతే ఆఫీసు కారు.
తప్పులూ చదువుతాను.
ఒకసారి బిషప్పు గారి డ్రైవరుకి
వంగి దండం పెట్టాను.

సెవెరిన్ బూట్లు ముందు తెలుసు, మొహం తర్వాత.
వాన పడితే ఎడమ కాలు
మడమ మీదే వేసేవాడు.
బీమా కంపెనీలో చేరి మూడు వారాలట.
ఉన్నది ఒక్క సూటు, తడిసిన బూడిద రంగు,
పోయిన మేనమామది.
భుజాలు ఇంకా ఆయనవే.

"పానీ బొగుమీవా,
దీన్ని రెండు చెయ్యగలవా?"
నవ్వాను.
అతను నవ్వలేదు.

గుండీల డబ్బా బోర్లించాను.
సోమ, మంగళ, బుధ: ముదురు కొమ్ము గుండీలు.
బుధవారం సాయంత్రం వాటిని విప్పి
సీసం రంగువి కుడతాను,
జేబుల మూతలు లోపలికి మడిచేస్తాను.
గురువారం పొద్దున వేరే సూటు!
ఎవరూ పోల్చుకోలేదట.
పక్క బల్ల అమ్మాయి మాత్రం
గురువారం సూటే నీకు నప్పుతుంది, అందట.
ఆ మాట చెబుతూ
చెవుల దాకా ఎర్రబడ్డాడు.

వాళ్ళ డైరెక్టరు జెగోతా గారు కూడా
నా దగ్గరికే వస్తాడు.
మోచేతుల దగ్గర జల్లెడయిన స్వెట్టరు
బల్ల మీద పెట్టి
"బాగు చెయ్యకు, ఇంకా చిరక్కుండా చూడు చాలు" అంటాడు.
దాంతోనే మీటింగులకు వెళతాడట,
ఎంత సాదా మనిషో అని చెప్పుకుంటారట.
కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే మరి.
అదే చిల్లు సెవెరిన్ మోచేతికి పడితే
సాయంత్రానికల్లా పై అంతస్తుకి పిలుపు.

ఈ జనవరిలో జెగోతా గారు
పురుగు తిన్న కోటొకటి పడేసి వెళ్ళాడు,
గుడ్డపేలికలకు పనికొస్తుందని.
సెవెరిన్ దాని మెడ లోపల వేలు పెట్టి
అక్కడే ఆగిపోయాడు.
నీలం పట్టు లేబుల్, బంగారు దారం.

"కోటు వద్దు, ఇది చాలు.
ఆఫీసులో కోటు విప్పి కుర్చీకి తగిలిస్తాం.
నా వెనక నడిచే ప్రతి కన్నూ
ముందు అక్కడికే పోతుంది."

ఆ లేబుల్ నాకు తెలుసు.
మిల్లు మూతపడేదాకా
నాలుగేళ్ళు నేను కుట్టింది అదే.
నాలుగు మూలలు, మూలకి మూడు కుట్లు,
పొద్దు గుంకేసరికి నాలుగు వందలు.
కోటు ధర మా ముగ్గురి నెల జీతం.
బయట మంచులో ట్రాము కోసం నిలబడేటప్పుడు
మా మెడల వెనక ఏ పేరూ ఉండేది కాదు.

నాది ఎడమచేతి వాటం.
మూడో మూల దగ్గర కొంచెం వంకర పోయేది,
సూపర్‌వైజరు తిట్టేది.
ఆ వంకర ఉందేమోనని
కళ్ళజోడు పెట్టుకుని వెతికాను.
లేదు.
ఇంకెవరిదో చెయ్యి,
చాలా తిన్నని చెయ్యి.

విప్పాను. కుట్టాను.
మేనమామ కోటు మెడలో
కొత్త పుట్టుక పెట్టాను.

"ఎంత ఇమ్మంటావు?"
మిల్లు లెక్కే నోటికొచ్చింది:
"మూడు గ్రోషులు."
ఎగతాళి అనుకుని
పది జ్లోటీల నోటు బల్ల మీద పెట్టి వెళ్ళాడు,
అంత చలిలో
గుండీలు పెట్టుకోకుండానే.

పైన మంచు కరుగుతోంది.
కిటికీలోంచి చూశాను.
ఎడమ కాలు
ఇంకా మడమ మీదే వేస్తున్నాడు.