ముందోడి మడమలు

తెల్లారుజామున ఏటుకూరు రోడ్డు నుంచి
తొమ్మిదిమందిమి ఒకే ఆటోలో.
డ్రైవరు పక్కన సగం గాల్లో కూచుని
కొంగు ముక్కుకి చుట్టుకుంటాను.
మిర్చి యార్డు ఇంకా అర మైలు ఉండగానే
ఘాటు ఎదురొచ్చి పలకరిస్తుంది.
దగ్గుతూనే నీతో మాట్లాడతాను ప్రభువా,
నా ప్రార్థనలో సగం దగ్గే.
నీకు అలవాటైపోయుంటుంది.

మా ఏసోబు హమాలీ.
నలభై కిలోల టిక్కీ వీపున పడ్డాక
మనిషి రెండుగా మడతపడతాడు.
లారీ కనపడదు,
కాటా ఎటుందో, గుమాస్తా ఎటున్నాడో తెలియదు.
"మరెట్టా నడుస్తావయ్యా?"
పెళ్ళైన కొత్తలో అడిగాను.
"ముందోడి మడమలు చూసుకుంటా పోటమే.
వాడు ఆగితే ఆగటం, తిరిగితే తిరగటం"
అని చద్దన్నంలో ఉల్లిపాయ కొరికాడు.
ఇరవై రెండేళ్ళ కాపురంలో
భక్తి గురించి ఆయన చెప్పింది అంతే.
అది భక్తి గురించని ఆయనకూ తెలియదు.

పోయిన మార్చిలో బస్తాల నెట్టు ఒరిగింది.
పెద్దాసుపత్రి వరండాలో పదకొండు రాత్రులు
నేల మీద చాప, చాప మీద నేను.
పాస్టరమ్మగారు వచ్చి
కమలాపళ్ళ సంచి నా ఒళ్ళో పెట్టి
"అంతా ఆయన చిత్తం" అన్నారు.
పళ్ళు తీసుకున్నాను. మాట తీసుకోలేదు.
నీ మీద అలిగాను.
ఆ అలకైనా నీతోనే చెప్పుకున్నాను,
అర్ధరాత్రి పూట ఇంకెవరికి చెప్పుకోను,
నర్సుకా?

ఏసోబు బతికాడు.
నడుం బతకలేదు.

ఇప్పుడు గోడౌన్లో తొడిమలు తీస్తున్నాను,
కిలోకింత అని లెక్క.
సన్నాలు చేతికి ఒక పట్టాన రావు,
తేజ గోళ్ళ సందుల్లో దూరి
రాత్రి నిద్రలో కూడా మండుద్ది.
తెల్లబోయిన తాలుకాయ ఉంటుందే,
దాన్ని ఎవరూ కొనరు,
అయినా ఎంత లాగినా తొడిమను వదలదు.
నవ్వొచ్చింది దాన్ని చూసి.
నా కులమే అనుకున్నాను.

మొన్న బుధవారం ఎందుకో ఏడుపొచ్చింది.
చెప్పుకునేంత కారణం కాదు, కరెంటు బిల్లు.
ఈ చేతుల్తో కళ్ళు తుడుచుకోకూడదు,
మొదటి రోజే నేర్పే పాఠం అది.
తుడుచుకున్నావా, పొద్దుగూకేదాకా గుడ్డిదానివే.
చేతులు రెండూ గాల్లో పెట్టుకుని
చంటిపిల్లలా కూచున్నాను,
నీళ్ళు గడ్డం దాకా కారిపోతా ఉంటే.
పక్క గోనె మీది హుసేన్‌బీ ఏమీ అడగలేదు.
తన చేతులూ ఎర్రగానే ఉన్నాయి కదా,
భుజం వంచి
కారం తగలని చెంగు వైపు
నా ముఖానికి ఆనించింది.

కొన్ని కన్నీళ్ళు
మన చేత్తో తుడుచుకునేవి కావు.
నువ్వు తుడుస్తానన్నది
మా చేతులకు ఏం అంటుకుని ఉందో
చూసే అన్నావేమో.
ఈలోపు ఒక భుజాన్ని పంపించావు,
సంతోషం.

దారి చూపించమని అడగటం మానేశాను.
వచ్చే నెల మందులు, పిల్ల ఇంటరు, ఇంటద్దె
వీపు మీద ఎక్కి కూచున్నాయి,
తల ఎత్తనివ్వవు.
చూపించినా చూడలేను.
నేల మీద జానెడు మేర కనపడుద్ది,
ఆ జానెడులో రెండు మడమలు.
దుమ్ము కొట్టుకుపోయి, పగుళ్ళు దేలి,
మా యార్డులో ఎవరివైనా కావచ్చు.
గాయం వెనకనుంచి కనపడదు.
అయితే అడుగు కొంచెం ఆపి వేస్తావు,
నొప్పి ఉన్నవాళ్ళు వేసినట్టు.
అదే గుర్తు.

ఆగితే ఆగుతాను,
తిరిగితే తిరుగుతాను.
కాస్త నిదానంగా నడువు ప్రభువా.
నాకింకా అలవాటు కాలేదు.