అనుభవం అనే గడి

దరఖాస్తులో ఆ గడి వేలెడంత.
"రెండేళ్ల ఎనిమిది నెలలు, ఇంటి దగ్గర నర్సింగ్" అని
ఇరికించి రాశాను.
కంటోన్మెంట్ ఆసుపత్రి మేడమ్ చదివి
పెన్నుకి మూత పెట్టేసింది.
"ఇల్లు సరేనమ్మా. అనుభవం ఎక్కడ?"

ఎక్కడని చెప్పను?
నెల్లిమర్లలో, జూట్ మిల్లు వెనక వీధిలో,
రేకుల కప్పు కింద
ఒక్కటే మంచమున్న వార్డు.
పతివాడ లచ్చుమయ్య, మగ్గాల మేస్త్రీ.
గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం,
కింద ఇంకోటి.
రౌండ్లకి ఎవరూ రారు.
నా తర్వాత డ్యూటీకి వచ్చేదీ నేనే.

కరెంటు పోయిన రాత్రి సక్షన్ మిషను ఆగిపోతే
పెద్ద సిరంజికి సన్న గొట్టం తగిలించి
కఫం లాగాను.
గున్నమ్మ సెల్‌ఫోను లైటు పట్టుకుంది,
చెయ్యి వణకనివ్వకుండా.
ఎనభై ఒకటి. ఎనభై నాలుగు. తొంభై.
ఆయన వేలి మీద ఎర్ర అంకెలు ఎక్కాక
మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

మొదట్లో ఆయన పెదాలు కదిపితే
పలకా బలపం తెచ్చిచ్చాను.
గున్నమ్మ నవ్వింది.
"ఓలమ్మ, పలకెందుకే గుంటా?
మగ్గాల రొదలో ముప్పయ్యేళ్లు
మాకు మాటెప్పుడినబడింది?"
ఆవిడ స్పిన్నింగు, ఆయన మగ్గాలు.
ఆ హోరులోనే పోట్లాడుకున్నారు,
ఆ హోరులోనే పెళ్లి మాట అనుకున్నారు,
అంతా పెదాలతోనే.
నాకూ నేర్పింది, గడ్డం పట్టుకుని తిప్పి:
"నోరు కాదే, దవడ సూడు."

మూడు నెలలకి నాకు అర్థమైన
ఆయన మొదటి మాట:
"చోడంబలి వద్దు. గొట్టంలోనైనా సరే."

పోయిన ఆషాఢంలో
ఆయనకి ఆఖరి స్నానం చేయించినవాళ్లు చూశారు,
వీపు మీద ఒక్క పుండు లేదు.
పెళ్లికొడుకు వీపు.
అదీ చెప్పాను మేడమ్‌కి.
సర్టిఫికెట్ ఉందా అంది.
వీపుకి స్టాంపు ఎవరేస్తారు?

"బయట కూర్చో."
అద్దం తలుపు అవతల
పక్కాయనతో ఆవిడన్నది నాకు వినబడలేదు.
కనబడింది.
"ఆయా పనే. పాపం."
పాపం అనాలంటే పెదాలు మూడుసార్లు కలవాలి,
ఎంత దూరాన్నించైనా తెలిసిపోతుంది.

వరండాలో స్ట్రెచరు మీద ఒక పెద్దావిడ,
గొంతులో కొత్త గొట్టం,
పెదాలు ఆడిస్తోంది.
తెల్ల కోటు అమ్మాయి వంగి
"నీళ్లా అమ్మా? నొప్పా? నొప్పేనా?"
లేచి వెళ్లాను.
"రెండూ కాదు. ముక్కుపుడక ఎవరు తీశారని అడుగుతోంది."

ఆ అమ్మాయి జేబు తడిమి
కాగితం పొట్లం విప్పి చూపించింది.
పెద్దావిడ కళ్లు మూసుకుంది.
"థాంక్సక్కా. మీరు పేషెంటు తాలూకానా?"

ఏజెన్సీ వాళ్లకి నేను స్టాఫ్‌ని.
వీధికి సూదుల పిల్లని.
జీతం రోజున లచ్చుమయ్య కొడుక్కి ఖర్చుని.

"అవును," అన్నాను.
"తాలూకానే."