ఆరాక చూడాలి

అకారీ గని రాయి, గుప్పెడంత.
లోపల లోతు తగ్గిన సముద్రం నీలం.
హెర్మెలిందా రంపం మీద నీళ్లు పోస్తూ
దాన్ని రెండు చేసింది.

పుల్లలకి లక్కతో అంటించి
బోర్లించిన గిన్నెల్లా అరగదీసింది.
తడిగా ఉన్నంతసేపూ
ఏది ఏదో తనకే తెలీదు.

ఆరాక చూడాలి, అంటుంది ఎప్పుడూ.
మూడు రోజులు కిటికీలో,
ఉప్పు సీసా పక్కన.

నాలుగోనాటికి ఎడమది పాలిపోయింది.
కుడిదాంట్లో నాచులాంటి నల్లపోగు,
నిన్నటిదాకా లేదని ఒట్టు పెడుతుంది.

ధర తగ్గించి చెప్పింది.
పెళ్లికూతురు చెవుల దగ్గర పెట్టుకుని
అద్దంలో ఇటు తిరిగి, అటు తిరిగి
"రెండు చెవుల్నీ ఒకేసారి చూసేదెవరు?" అంది.

డబ్బు లెక్కపెట్టి, తలుపేసి
హెర్మెలిందా
ముక్కల డబ్బా బోర్లించింది.