నీళ్ళడిగినవ్

నా రాత్రులు నాకు తెల్వయ్.
పొరుగూరి ముచ్చట లెక్క
పొద్దుగాల ఎవరో ఒకరు చెప్తేనే ఎరుక.
అరికాళ్ళకు ఇసుక, మోకాలిచిప్ప మీద కొత్త గీత,
గుప్పిట్ల ఎక్కడిదో ఒక అంగి గుండీ.
"రాత్రి ఏమైంది స్వరూపా?"
చాయ్ వడబోసుకుంటనే అంటది,
"ఏం కాలె. నీళ్ళడిగినవ్."

నలభై రెండేండ్లు నాకు.
హన్మకొండ చౌరస్తా కాడ కటింగ్ మాస్టర్‌ను.
పగలంత నా కత్తెర
చాక్ గీత మీదికెల్లి వెంట్రుకంత పక్కకు పోదు.
రాత్రి అదే చెయ్యి
దుప్పటి అంచు పట్టుకొని గాలిని కత్తిరిస్తదట.
"ఛాతి ముప్పై ఎనిమిది, భుజం పదిహేడున్నర"
అని ఎవరికో రాయిస్తనట.
మా ఇంట్ల అంత పెద్ద మనిషి లేడు.

కాజీపేటల కిరాయి ఇల్లు, ఎనుక రైలు పట్టాలు.
బండ్ల మోతకు ఎన్నడూ లేవనోణ్ణి
ఏ మోతా లేనప్పుడు లేస్తనట.
అందుకే దర్వాజకు మూడు గొళ్ళాలు,
మా మామ ఎడ్లమ్మినంక మిగిలిన గంట ఒకటి.
తాళంచెవి తొక్కు జాడీ ఎనుక దాస్తే
పండుకున్నోడు ఎతికి తీసిండు.
మేలుకోనున్న నాకు ఇప్పటికీ దొరకది.
వాడు నాకంటే హుషారు.
మేమిద్దరం ఎన్నడూ ఎదురుపడలె.

కేకలు వేరే.
పండుకున్న గంటకే
గొంతు చినిగేటట్టు ఒర్రుకుంట లేశి కూసుంటనట.
పిలిస్తే పలుకనట, పట్టుకుంటే గుంజులాడుతనట.
దేనికి బుగులు పడ్డనో నాకు యాదుండదు.
కలన్న ఉంటే చెప్పుకుందును.
ఉన్నదల్లా తడిసిన బనీను,
ఎవరినో తరిమినట్టు ఉరికే గుండె.
మొదటిసారి పై పోర్షన్ ఇన్నయ్య సారు,
రైల్వేల గార్డు చేసి దిగినాయన,
కట్టె, టార్చిలైటు పట్టుకొని ఉరికొచ్చిండు.
ఇప్పుడు పైనుంచి ఒక్కసారి దగ్గుతడు.
ఇన్న, ఇగ పండుకో అన్నట్టు.

అత్తమ్మ తాయెత్తు కట్టింది.
ఎంజీఎంల డాక్టరమ్మ
టైముకు పండుకోమన్నది, బలిమికి లేపద్దన్నది.
రెండూ ఉన్నయ్,
ఒకటి మెడకు, ఒకటి గోడ మేకుకు.
చుట్టాలిండ్లల్ల రాత్రి ఉండను.
హుజురాబాదుల మా తోడల్లుని కొత్తింటికి పోయి
తినంగనే ఆఖరి బస్సుకు ఉరికిన.
షాపున్నది అన్న.
ఆదివారం ఏం షాపని ఎవరూ అడుగలె,
అది మర్యాదో, ఎరుకో.

మొన్న పెండ్లిండ్ల గిరాకి,
డాక్టరమ్మ మాట పక్కకు పెట్టి
నడిజాముదాకా కాజాలు కుడుతున్న.
గంట మోగింది.

నేను కాదు.
నేనిక్కడే ఉన్న, సూది చేతులనే ఉంది.
శరణ్య. మా బిడ్డ. పదేండ్లది.
దర్వాజకు ఆనుకొని నిలబడ్డది.
కండ్లు తెరిచే ఉన్నయ్,
లైటు బంజేయకుంట ఊరికి పోయినోళ్ళ ఇల్లు లెక్క.
"డాడీ వొస్తలేడు, పట్టాల మీద ఉన్నడు"
అని ఏడుస్తంది
నన్ను చూసుకుంటనే.

పిలువబోయి ఆగిన.
భుజాల మీద చేతులు పెట్టిన,
కొలత తీసేటప్పటి లెక్క, బరువు పడకుంట.
"వొచ్చిండు బిడ్డా. ఇటు నడువు."
నడిచింది.
మంచం కాడ స్వరూప అప్పటికే లేశి
దుప్పటి ఎత్తిపట్టుకొని ఉన్నది.
ఆ చెయ్యికి ఎంత అలవాటో
చీకట్ల కూడా కనపడ్డది.
పదిహేనేండ్లల్ల నేనేమేం అన్ననో
అడుగబుద్ధయింది.
అడుగలె.

పొద్దుగాల జడ అల్లించుకుంట పిల్ల అడిగింది,
"రాత్రి నేను లేశిన్నా డాడీ?"
జడ మీద స్వరూప చేతులు ఆగినయ్.

"ఏం లే బిడ్డా" అన్న.
"నీళ్ళడిగినవ్."