బోలు

అమావాస్య మర్నాడు, మధ్యాహ్నం భోజనం వేళకి
కెర్‌వెన్ రేవు ఖాళీ చేసి సముద్రం లేచిపోతుంది.
దాని వెనకాలే మేం, ట్రాక్టరు మీద,
తొడల దాకా రబ్బరు బూట్లతో.
ఉన్నవి రెండు గంటలు.
ఆ తర్వాత నీరు ఎవరి మాటా వినదు.

ఇనుప బల్లల మీద బారులుగా వల సంచులు.
ఒక్కోటీ ఎత్తి, కుదిపి, బోర్లించాలి.
లేదా ఆల్చిప్పలు వలకే అతుక్కుని పెరుగుతాయి,
వంకరగా, మొండిగా,
నాల్రోజులని వచ్చి పాతుకుపోయిన చుట్టంలా.
నాచు పీకుతాం. పీతల్ని తన్నేస్తాం.
సూదిబెజ్జం పెట్టి లోపలి ప్రాణం తాగేసే నత్తల్ని
బకెట్లో పడేస్తాం, లెక్కపెట్టం.
ముత్యాలుండవా అని అడుగుతారు చూడొచ్చినవాళ్లు.
ఉండవు. నెలాఖరుకి జీతాలుంటాయి.

అమ్మే ముందు వాటికి నెల్లాళ్లు బడి.
గట్టు దగ్గరి బల్లల మీదకి మార్చి
రోజుకి కాస్త ఎక్కువసేపు ఎండగడతాం.
నోరు మూసుకోవడం నేర్చుకోవాలవి,
పారిస్ దాకా లారీలో
గుక్కెడు సముద్రాన్ని బిగబట్టి.
నేర్వనివి దారిలోనే పోతాయి.

షెడ్డులో ఏరేది సువాజిగ్.
నలభై రెండేళ్లుగా అదే స్టూలు.
రెండు చిప్పల్ని ఒకదానికొకటి తట్టి వింటుంది.
బతికుంటే రాయి మీద రాయి.
చచ్చిందైతే బోలు.
అది ఎడమ బుట్టలోకి, మారుమాట లేకుండా.

ఆగస్టు నుంచి కుడి బుట్టలో బోలువి వస్తున్నాయి.
మొదట ఒకటి. తర్వాత డజనుకొకటి.
నేనేం అనలేదు. తూకానికి మోసుకెళుతూ
తలుపు వెనక నిలబడి మళ్లీ తట్టేదాన్ని,
మెల్లగా.
మెల్లగా ఎందుకో! ఆమెకి వినపడకపోవడమే కదా సంగతి.

నిన్న క్రిస్మస్ ఆర్డర్ల హడావిడి. రేకుల మీద వాన.
సువాజిగ్ చేతి తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుంది.
"ఆ తలుపు నేల దాకా లేదు పిల్లా," అంది.
"నీ బూట్లు కనబడుతూనే ఉన్నాయి."
నా చెవులు కాలాయి.
"తట్టడం బానే ఉంది. భయపడి తడుతున్నావ్.
గట్టిగా కొట్టు. బతికున్నది పగలదు."

పక్కన ఇంకో స్టూలు వేసింది.
కొట్టాను. ఇది బోలు, అన్నాను.
కత్తి దూర్చి విప్పింది: నల్లటి బురద.
ఇది బతికుంది, అన్నాను.
విప్పింది. కూర్చున్నచోటే,
నిమ్మకాయైనా పిండకుండా, ఎత్తి తాగేసింది.
పెదాలు తుడుచుకుని
చిప్పని నా వైపు బుట్టలో వేసింది.