స్టీలు గ్లాసు

ఫిషింగ్ హార్బర్లో మా షెడ్డుకి కిటికీలు రెండు.
ఒకదాంట్లోంచి డాల్ఫిన్ నోస్ కొండ సగం కనిపిస్తుంది.
రెండోదానికి పోర్టు నుంచి వచ్చిన నల్లదుమ్మే తెర.
తెల్లారగట్ల నాలుగున్నరకి ఐసు పగలగొడతారు.
నా పని కాటా, కలం, కార్బన్ కాగితం.
ఎవరెన్ని కిలోల రొయ్యలు వలిచారో రాయడం.

ఆ వారం లెక్కలన్నీ కొట్టివేతలే.

"సుక్కురారంతో మూడో వాటా అయిపోతాదట"
అని మరిడమ్మ అన్నప్పుడు
పద్నాలుగు జతల చేతులు ఆగిపోయాయి.
బల్లల కింద ఐసు నీళ్ళు కారడం వినపడింది.

రెండున్నరేళ్ళుగా
పిండిమర భ్రమరాంబ మా షెడ్డులో పదిహేనో మనిషి.
మర చెయ్యి జారిపోకుండా
సొంత తమ్ముడి మీద దొంగసాక్ష్యం చెప్పింది.
వాడు జైల్లో ఉన్నన్నాళ్ళూ వాడి పిల్లల ఫీజులు కట్టింది,
రసీదులు బియ్యం డబ్బాలో దాచి.
ఇప్పుడు వాడొస్తున్నాడు.

"సచ్చిపోవాల" అంది మరిడమ్మ, తల తుంపి బుట్టలో వేస్తూ.
"మర బెల్టులో కొంగు పడాల. పాపం ఊరికినే పోద్దేటి?"

"సంపీస్తే ఎవులికి బుద్దొస్తాది?
బతికుండి నలుగుర్లో నిలబడి సెప్పాల,
నానే అబద్దమాడినానని."
ఇది పైడితల్లి.

పందొమ్మిదేళ్ళ సంధ్యకి వాన కావాలి.
అక్కాతమ్ముడూ వాటేసుకుని ఏడవాలి, పైనుంచి వాన కురవాలి.
"ఆళ్ళ వానెప్పుడూ టాంకరు నీల్లేనే" అని ఎవరో అంటే
షెడ్డంతా నవ్వు.
సూపర్‌వైజరు సన్యాసిరావు తలుపులోంచి తొంగిచూసి
"రెండో భాగం తీస్తారు లెండి" అన్నాడు.
ఒక్కరూ తలెత్తలేదు.

బుధవారం మాట ముదిరింది.
"నీ కోపం బెమరాంబ మీద కాదే,
మీ తోటికోడలి మీద" అంది పైడితల్లి.
మరిడమ్మ గోటి కింద రొయ్య కొమ్ము దిగింది.
చెయ్యి ఐసులో పెట్టుకుని ఊరుకుంది.
పీట లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది.
రోజూ పద్దెనిమిది కిలోలు వలిచే మనిషి
ఆరోజు పదకొండు.
నేను పదమూడు రాశాను.
మీరు ఏమైనా అనుకోండి.

ఎర్రమ్మ అప్పటిదాకా నోరు విప్పలేదు.
అరవై దాటింది, బొటనవేలికి గోరు లేదు.
గురువారం టీ వచ్చినప్పుడు
గ్లాసు పట్టుకుని, తాగకుండా అంది:

"ఆయమ్మి ఇన్నేల్లలో ఒక్కనాడూ టీ పూర్తిగా తాగనేదు, సూసినారా?
సగం తాగేసరికి ఎవుడో పిండికొస్తాడు,
నేదంటే కరెంటొస్తాది.
ఆ సగం గ్లాసు గట్టు మీదే సల్లారిపోద్ది.
ఆడు రానీ, రాకపోనీ.
సెప్పనీ, సెప్పకపోనీ.
కూకుని ఆ టీ కడదాకా తాగనీండి. అక్కడాపీమనండి."

సంధ్య నవ్వబోయి మానేసింది.
రెండున్నరేళ్ళ ఆ గ్లాసుని
ఎవరూ చూడలేదు.
అందరం చూశాం.

శుక్రవారం రాత్రి కొత్త జాలరిపేటలో
మా గదిలో తొమ్మండుగురం, గడప బయట ఇంకో ముగ్గురు.
వాన పడింది, టాంకరుదే.
తమ్ముడు వచ్చాడు. అక్క కాళ్ళ మీద పడింది.
జనం పోగయ్యారు. నేరం ఒప్పుకుంది.
పైడితల్లి అడిగిందీ, సంధ్య అడిగిందీ,
బెల్టు దగ్గర కొంగు ఒకసారి రెపరెపలాడి
మరిడమ్మ అడిగింది కూడా కొంచెం.
అందరూ ఏడుస్తున్నారు, సంగీతం ఏడుస్తోంది.
మేం మాత్రం గట్టు వైపు చూస్తున్నాం.
గ్లాసుంది.
భ్రమరాంబ దాన్ని ఎత్తింది, దించింది.
శుభం పడింది.

శనివారం ఐసు పగలకముందే మొదలైంది.
"తాగీసింది, గొంతు కదిలింది, నాను సూసినాను."
"కదిలింది ఏడుపుకే, సగం అట్టాగే ఉంది."
మరిడమ్మ పీట ఇంకా గోడవైపే ఉంది,
మెడ మాత్రం ఇటు తిరిగింది.
తేల్చమని అందరూ ఎర్రమ్మని పట్టుకున్నారు.

"స్టీలు గ్లాసు కదే" అందామె,
"లోపలేటుందో ఎవులికి కనపడతాది?"

మొదటి బుట్ట తెచ్చి నా కాటా మీద పెట్టింది.
"నీల్లొంపీసి తూసుకో."